నరసయ్య ప్రదక్షిణం

నరసయ్య నా బావమరిది. మా ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో ఎవరింట రామభజన జరిగినా పాట ఎత్తేది అతనే. దీపం చుట్టూ తెల్లవార్లూ ఆడేవాడు, అలసట తెలిసేది కాదు. పరుగు మాత్రం ఎరగడు. కళ్ళముందు బస్సు వెళ్ళిపోతుంటే నిలబడి చూసి, ఇంకోటి వస్తుందిలే అనే మనిషి.

అటువంటివాడు దీవి చుట్టూ పరుగెత్తుతానన్నాడు. అన్నది పదిమందిలో.

అది పంతొమ్మిదివందల అరవయ్యో సంవత్సరం. ఫిబ్రవరి ఆఖరున కరోల్ తుఫాను వచ్చి పోయింది. మా ఇళ్ళ వరసలో చెరుకాకు కప్పిన ఇల్లు ఒక్కటి నిలవలేదు. నాది రేకుల కప్పు, పైన రాళ్ళు పెట్టి ఉంచాను కాబట్టి మిగిలింది. ముత్యాలమ్మత్త ఇంటికి గోడలు మిగిలాయి. కప్పు ఎక్కడ పడిందో వెతికినా దొరకలేదు. గోడల మీద టార్పాలిన్ పరిచి తాళ్ళతో కట్టాం.

ముత్యాలమ్మ నా భార్య వెంకమ్మకూ నరసయ్యకూ పిన్నమ్మ. చిన్నతనంలో వాళ్ళమ్మ పోతే ఈవిడే ఇద్దర్నీ పెంచింది. మా ఇంటికి వచ్చి ఉండమంటే వినదు.

"అల్లుడి కప్పు కింద చలికాలమంతా పడుకున్న ముసిలిది ఎక్కడన్నా ఉందా? నాలుగు రోజులైతే చుట్టం. ఆపైన ఏటి?" అనేది.

నువెల్ ఫ్రాన్స్ ఎత్తు మీద ఉంది. మే నెల దాటితే మా దీవిలో చలికాలం, సన్నవాన, ఒళ్ళు కొరికే చలి. ఆవిడకు అప్పటికే దగ్గు పట్టుకుంది. సర్కారు ఇళ్ళు కడుతోంది గానీ మా వంతు వచ్చేసరికి చలి వచ్చి పోతుంది. టార్పాలిన్ కింద ఈ చలికాలం పిన్నమ్మ దాటదని వెంకమ్మ భయం. నా భయమూ అదే. నేను పైకి అనలేదు.

ఆ రోజుల్లోనే జోసెలిన్ మా భజనకు వచ్చాడు. జోసెలిన్ రోజ్ బెల్‌లో సైకిళ్ళు బాగుచేసే ఆయన, ఆఫ్రికా మూలాల క్రియోల్ మనిషి. పరుగుపందాల క్లబ్బు కూడా నడిపేవాడు. ఒక మనిషి రోజుకు కొంత చొప్పున దీవి చుట్టూ పరుగెత్తాలి, దారిలో ఊళ్ళవాళ్ళు తలా ఒక రేకో, కర్రో, గుప్పెడు మేకులో ఇవ్వాలి, వెనక లారీ వాటిని పోగుచేసుకు రావాలి, కప్పులు లేని ఇళ్ళకు పంచాలి. ఇదీ అతని ఆలోచన. క్లబ్బులో గట్టి పరుగుగాడికి తుఫానులో చెయ్యి విరిగింది. మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

అప్పుడే పాట ముగిసి అందరూ గోవింద కొట్టారు. నరసయ్యకు ఇంకా ఊపు దిగలేదు. "నేనున్నాను," అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి వెంకమ్మ గొంతు వినబడింది. "ఎక్కడికిరా, వంటింట్లోకా?"

అందరూ నవ్వారు. ముత్యాలమ్మత్త నవ్వలేదు. వాడి పొట్ట వైపు చూసి, ముఖం వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. నరసయ్య ఆవిడనే చూస్తున్నాడు. ఆ మాట ఇక వెనక్కి తీసుకోడని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. చెరుకు కోతలు మొదలయ్యేలోపు పరుగు అయిపోవాలి, ఆపైన వాడు పనిచేసే ఎస్టేటులో సెలవు దొరకదు. పొద్దున్నే రోజ్ బెల్ బస్సు కదలగానే దాని వెనక పరుగెత్తేవాడు. మొదటి మలుపు దాకా బస్సు కనబడేది. తరవాత పొగ కనబడేది. కండక్టరు వెనక తలుపులో వేలాడుతూ, "నరసయ్యా, మా పొగంతా నువ్వే పీల్చావు, టికెట్టు తీసుకో," అని అరిచేవాడు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి అరటిపండు చూపించేవారు.

నేను ఎద్దుబండి తోలేవాణ్ణి. రోజ్ బెల్ బజారుకు కట్టెలు దింపి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వాణ్ణి ఎక్కించుకునేవాణ్ణి. బండిలో వెల్లకిలా పడుకుని పాటలు పాడుతూ వచ్చేవాడు. కొన్ని వారాలు ఇలాగే నడిచింది. ఒకనాడు జోసెలిన్ తన కొట్టు ముందు నిలబడి, బండిలో పడుకున్న పరుగుగాణ్ణి చూశాడు.

"మో ఫ్రేర్," అన్నాడు. తమ్ముడూ అని అర్థం. "రోజూ ఇలాగే వెళ్తావా?"

"రోజూ ఇలాగే."

"దిగేటప్పుడు పరుగు, ఎక్కేటప్పుడు బండి."

"అవును."

"ఈ దీవిలో దారులన్నీ దిగుడేనా?"

నరసయ్య నిజంగానే ఆలోచించాడు. "రోజ్ బెల్ దాకా అయితే దిగుడే," అన్నాడు.

ఆ తరవాత ఎక్కేటప్పుడు బండి ముందు పరుగెత్తడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఎడ్లు వాణ్ణి దాటేశాయి. దాటుతూ ఎడమెద్దు వాడి భుజం నాకింది. జోసెలిన్ గుడ్డ బూట్లు ఇస్తే వేసుకున్నాడు. బొబ్బలు లేచాయి. బూట్లు దారానికి కట్టి మెడలో వేసుకుని వట్టికాళ్ళతో పరుగెత్తాడు. ఇచ్చిన మనిషి చిన్నబుచ్చుకుంటాడని కొట్టు ముందుకు రాగానే తొడుక్కునేవాడు, మలుపు తిరగ్గానే విప్పేవాడు. సాయంత్రం వెంకమ్మ ఉప్పునీళ్ళు కాచి పెడితే అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ముత్యాలమ్మత్త వచ్చి కొబ్బరినూనెలో కర్పూరం కలిపి అరికాళ్ళకు రాసేది. "ఏనుగు కాలు కూడా ఇంత బరువుండదురా," అనేది. రాయడం మాత్రం ఆపేది కాదు. గాతో పిమా అంటే వాడికి ప్రాణం. శనగపప్పు రుబ్బి మిరపకాయ వేసి నూనెలో దేవే ఉండలు అవి. జోసెలిన్ వద్దన్నాడని మానేశాడు. మానేసి, వెంకమ్మ వేయించేటప్పుడు పొయ్యి పక్కన కూర్చుని వాసన చూసేవాడు.

పొట్ట తగ్గింది. మే నెలకు ఆ ఎత్తు బండికంటే ముందే ఎక్కేవాడు. ఊళ్ళో నవ్వడం మానేశారు.

అప్పుడు వచ్చింది తంటా.

జోసెలిన్ దారి ఖాయం చేసి, ఊరూరికీ ఏ రోజు వస్తారో కబురు పంపాడు. కొట్టు నేల మీద సుద్దముక్కతో గీసి నరసయ్యకు చూపించాడు. నరసయ్య ఇంటికి వచ్చి పొయ్యిలోంచి బూడిద తీసి, వంటింటి నేల మీద దీవిని గుండ్రంగా పోసి పిన్నమ్మకు చూపించాడు.

"ఇదిగో మయేబూర్. ఇక్కడ మొదలు. ఇలా గ్రాన్ పోర్ మీదుగా ఫ్లాక్. ఇలా పైకి పోయి పోర్ట్ లూయిస్. ఇలా బ్లాక్ రివర్ దిగి, సుయాక్ మీదుగా మళ్ళీ ఇక్కడికి."

ఆవిడ వేలు వాడి వేలు వెనకే వెళ్ళింది. సగంలో ఆగింది.

"ఒరే, పరుగెత్తేటప్పుడు దీవి నీకు ఏ చేతివైపు ఉంటది?"

నరసయ్య లేచి నిలబడి ఒక చెయ్యి చూసుకున్నాడు, రెండో చెయ్యి చూసుకున్నాడు. జీవితమంతా దీపాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని తిరిగినవాడు. మెల్లిగా కూర్చున్నాడు.

"ఎడమ," అన్నాడు.

వెంకమ్మ గరిట ఆగింది. ఎడమచేతి వైపు పెట్టుకుని మావాళ్ళు తిరిగేది ఒకటే. చితి.

"మీ అమ్మని అలా తిరిగావు, చిన్నోడివి, కుండ నేను పట్టుకున్నాను," అంది ముత్యాలమ్మత్త. "మీ బాబాయిని అలా తిరిగావు. ఇప్పుడు బతికున్న దీవిని తిరుగుతావా? మనందరం దీని మీదే ఉన్నాం గదరా. ఆ తిరుగుడికి వచ్చిన రేకు నా నెత్తి మీద వెయ్యకు. టార్పాలిన్ చాలు."

బూడిదను చేత్తో తుడిచేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఇద్దరం జోసెలిన్ దగ్గరికి వెళ్ళాం. అతను నవ్వలేదు, సాంతం విన్నాడు. కానీ ఊళ్ళన్నిటికీ కబురు వెళ్ళిపోయింది. లారీవాడు ఒప్పుకున్నది ఆ రోజులకే. పైగా గాలి ఉంది. తూర్పు తీరంలో గాలి వెనక నుంచి తోస్తుంది. తిప్పి పరుగెత్తితే ఆఖరి రోజుల్లో, కాళ్ళు పోయినప్పుడు, ఆ గాలి ముఖాన కొడుతుంది.

"నీ కాళ్ళు నాకు తెలుసు," అన్నాడు నరసయ్యతో. "అటు నుంచి రాలేవు."

నరసయ్య పూజారి రామానుజం గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మంచి మనిషి. తానే వచ్చి ముత్యాలమ్మత్తకు చెప్పాడు. పరోపకారం కోసం చేసేదానికి దోషం లేదు, మనసు ముఖ్యం అన్నాడు.

"తమ ఇంటిది సిమెంటు కప్పు, పంతులుగారూ. తమకు ఏ దోషమూ కారదు," అంది ఆవిడ. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వరసలో ముసలివాళ్ళు ఇలాంటి విషయాల్లో ఆవిడ మాటే వింటారు. కనకమ్మ తనకూ రేకు వద్దంది. అమ్మాయమ్మ కూడా వద్దంది. నరసయ్య పొద్దున్నే లేవడం మానేశాడు. కండక్టరు బండి దగ్గర బస్సు ఆపించి, మీవాడికి ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగాడు. ఆ సాయంత్రం వెంకమ్మ గాతో పిమా చేసి ఎదురుగా పెట్టింది. వాడు ముట్టుకోలేదు. రాత్రుళ్ళు టార్పాలిన్ లోంచి దగ్గు మా ఇంటిదాకా వినబడేది.

"మీరు ఒకసారి మాట్లాడండి," అంది వెంకమ్మ.

వెళ్ళాను. ఆవిడ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. టార్పాలిన్ తాడు ఒకటి వదులైంది. దాన్ని పట్టుకున్నాను.

"ఏటల్లుడూ, మాట్లాడ్డానికి వచ్చావా, తాడు బిగించడానికి వచ్చావా?"

"తాడు."

"వెంకమ్మ పంపిందా?"

"ఆఁ."

"అయితే బిగించి పో."

బిగించాను. రెండో తాడు కూడా బిగించాను. అప్పుడన్నాను. "ఆదివారం మయేబూర్ దగ్గర సాధనకు జోసెలిన్ వాణ్ణి రమ్మన్నాడు. లారీ వస్తుంది. ఒక్కసారి వాడు పరుగెత్తడం చూడత్తా. చూసి తిట్టు."

చేతిలో బియ్యం చేటలో పోసింది. "ముందు సీట్లో కూర్చోబెడితే వస్తాను," అంది.

ఆదివారం పొద్దున జోసెలిన్ లారీ తోలాడు. ఆవిడ మధ్యలో, నేను తలుపు పక్కన. మయేబూర్ దాటాక దారి సముద్రం అంచునే పోతుంది. ఎడమవైపు కొండ, కుడివైపు నీళ్ళు. నరసయ్య లారీకి ముందు వట్టికాళ్ళతో పరుగెత్తుతున్నాడు. వీపు తడిసి చొక్కా అంటుకుపోయింది. మనసు లేని పరుగని నాకు తెలుస్తోంది. ఆవిడకూ తెలిసి ఉంటుంది. పెంచింది గదా.

"ఎన్నాళ్ళు ఇలా పరుగెత్తాలి వాడు?" అని క్రియోల్‌లో జోసెలిన్‌ను అడిగింది.

"వారం దాకా పట్టొచ్చు."

"ఆ కాళ్ళతో?"

"ఇంకో జత లేదు గదమ్మా."

ఆవిడ ముందుకు వంగి వాడి మడమల వైపే చూస్తూ కూర్చుంది.

ఒకచోట ఒక క్రియోల్ ముసలావిడ దారికి అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. ఆమె పేరు జీనెట్ అని తరవాత తెలిసింది. ఇల్లు నీటి ఒడ్డున ఉంది. సగం మీదే కప్పుంది. చేతిలో వంకర పోయిన రేకు ఒకటి ఉంది.

"పరుగు ఇవాళ కాదమ్మా," అన్నాడు జోసెలిన్. "ఇవాళ సాధన. వచ్చే నెల ఇవ్వు."

"వచ్చే నెల దాకా ఉంచితే మా ఆయన దీంతో కోళ్ళగూడు చేస్తాడు. ఇవాళే పట్టుకుపోండి."

ముత్యాలమ్మత్త నన్ను దిగమని, తనూ దిగింది. ఇల్లు చూసింది, రేకు చూసింది.

"నీ ఇంటికే సగం కప్పు లేదు. ఇది నాకెందుకిస్తున్నావు?"

"మాకిక్కడ వెచ్చగా ఉంటుంది. మీ ఎత్తు మీద చలి అంట గదా." జీనెట్ రేకు లారీకి ఆనించింది. "నీ కోసమేనా ఇది?"

"నేను తీసుకోను," అంది ముత్యాలమ్మత్త. ఎందుకో చెప్పింది. ఎడమచేతి సంగతి, చితి సంగతి, అంతా చెప్పింది. నరసయ్య రొప్పుతూ వచ్చి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు.

జీనెట్ శ్రద్ధగా విని, నరసయ్య ముఖం పరుగెత్తే దిక్కుకు తిప్పి నిలబెట్టింది. తన ఇంటి వైపు చూపించింది.

"నా ఇల్లు వీడికి ఏ వైపుంది?"

"కుడి."

"మరి నన్ను కుడివైపు పెట్టుకునే గదా పోతున్నాడు. నాకేం తప్పు కనబడలేదు," అని కొబ్బరిబోండాం కొట్టడానికి లోపలికి వెళ్ళింది.

ముత్యాలమ్మత్త అక్కడే నిలబడి ఉంది. ఇంటి వెనక నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎత్తు మీద ఉండేవాళ్ళం, సముద్రం దగ్గరికి వచ్చేది తక్కువ. ఆవిడ ఎంతసేపు చూసిందో నేను లెక్కపెట్టలేదు. బోండాం నీళ్ళు నరసయ్య తాగడం అయిపోయింది.

"ఈ నీళ్ళు దారంతా వీడికి కుడివైపే ఉంటాయా?" అని జోసెలిన్‌ను అడిగింది.

"కొన్నిచోట్ల కనబడవు. కానీ అటే ఉంటాయి. చివరిదాకా."

"అయితే వీడు తిరిగేది దీవిని కాదు. గంగమ్మని."

నరసయ్య తలెత్తాడు. వాడికి ఆశ పుట్టింది. కానీ భజన నడిపేవాడు గదా, సందేహం ఆపుకోలేకపోయాడు. "పిన్నమ్మా, ప్రదక్షిణం లోపలున్నదానికి గదా చేస్తాం. సముద్రం బయట ఉంది."

"ఏది లోపలో ఏది బయటో నువ్వు చూశావా?" అంది ఆవిడ. "మా అమ్మ కన్న ఊరు వదిలి వచ్చి ఇక్కడ ఓడ దిగింది మొదలు చచ్చిపోయేదాకా తను బయటే ఉన్నాననుకుంది. రోజూ ఇటే చూసేది. ఆవిడ లెక్కలో లోపలంటే అటు." చెయ్యి నీళ్ళ వైపు చాపింది. "నోరు మూసుకుని పరుగెత్తు. బయలుదేరే రోజు కొబ్బరికాయ కొట్టి, కుడికాలు నీళ్ళలో పెట్టి మరీ బయలుదేరు."

తరవాత జీనెట్ ఇచ్చిన రేకు ఒక కొస తనే పట్టుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. లారీలో పెట్టాం.

తిరిగి బయలుదేరాక నరసయ్య పరుగు మారింది. కాసేపటికి పాట కూడా ఎత్తాడు. జోసెలిన్ కిటికీలోంచి తల బయటపెట్టి, పాడకు, ఊపిరి దాచుకో అని అరిచాడు. వాడు వినలేదు. ముత్యాలమ్మత్త లారీలో కూర్చుని, పెదవులు కదిపి, పాటకు తాళం మోకాలి మీద వేసింది.

జూన్ నెల మొదట్లో పరుగు జరిగింది. అంతా పరుగే అని చెప్పను. బ్లాక్ రివర్ ఎండలో చాలా దూరం నడిచాడు. సుయాక్ దగ్గర కాళ్ళు వాచి, నేను దిగి పక్కన నడిస్తే నా భుజం పట్టుకుని వచ్చాడు. కానీ ఆగలేదు. లారీ ఎక్కలేదు. మయేబూర్‌లో పరుగు ముగించి రోజ్ బెల్‌కు వచ్చేసరికి లారీ నిండి, మీద తాళ్ళు కట్టాల్సి వచ్చింది. బస్సు కండక్టరు బస్సు దిగి, తన టోపీ తీసి వాడి నెత్తిన పెట్టాడు.

కప్పులు వెయ్యడం మా వరసలోనే మొదలుపెట్టారు. కనకమ్మ తీసుకుంది, అమ్మాయమ్మ తీసుకుంది. ముత్యాలమ్మత్త ఇంటికి నేనే పైకెక్కి మేకులు కొట్టాను. నరసయ్య పాదాలకు గుడ్డలు చుట్టుకుని కింద కూర్చుని మేకులు అందించాడు. అందిస్తూ ఎక్కడ కొట్టాలో కూడా చెప్పాడు. నేను నాకు తెలిసినచోట కొట్టాను.

ఆఖరి మేకు కొట్టి దిగిన మర్నాటి మధ్యాహ్నం వాన మొదలైంది. నేనూ వెంకమ్మా నరసయ్యా ఆవిడ ఇంట్లోనే ఉన్నాం. సన్నవాన కాదు, గట్టి వాన. చెరుకాకు కప్పు కింద పుట్టి పెరిగిన మనిషికి రేకు మీద వాన ఎలా ఉంటుందో తెలియదు. ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఏదో అంది. పెదవులు కదలడం కనబడింది గానీ మాట వినబడలేదు.

నరసయ్య చెవి దగ్గర పెట్టాడు. "ఏటి పిన్నమ్మా?"

"చెవులు పోతున్నాయిరా," అని గట్టిగా అరిచింది. "మళ్ళీ ఏడాది చెరుకాకు కోసం పరుగెత్తు."

వాడు తన పాదాలకున్న గుడ్డలు చూసుకుని, నా వైపు చూశాడు. నేను కప్పు వైపు చూశాను. ఎక్కడా చుక్క కారడం లేదు.

ఆవిడ కాసేపు గొణుక్కుంది. తరవాత దుప్పటి నెత్తిమీదుగా కప్పుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ చప్పుడులోనే నిద్రపోయింది. దగ్గుతోందో లేదో మాకు వినబడలేదు. వెంకమ్మ వెళ్ళి పక్కన కూర్చుని, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి చూసింది. దగ్గుతోందా అని కళ్ళతోనే అడిగాను. వెంకమ్మ లేదని తల ఊపింది. వాన ఆగేదాకా ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.